ఆ కుర్రాడేడీ?

(మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారు ఉండి ఉంటే ఈ సభ జరగనిచ్చేవారు కాదు. "ఉపన్యాసం దేనికయ్యా, ఆ గంటలో ఒక సినిమా వేసుకోవచ్చు గదా" అనేవారు. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పేవారు. జీతం కాలేజీది, ధ్యాస సినిమాది. 1980ల తొలిరోజుల్లో మద్రాసు నుంచి రైల్లో వచ్చే 16 ఎం.ఎం. డబ్బాలను స్టేషన్‌లో విడిపించుకుని, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. ఒక లైబ్రరీ మేడ మీద గోడకి తెల్లదుప్పటి కట్టి బొమ్మ వేసేవాళ్ళం. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం ఆయన ప్రొజెక్టరు పక్కన నిలబడి, నడుమ నడుమ తెలుగులో కథ అందించేవారు. దుప్పటి ముడతలు లాగడం, రీలు మారేటప్పుడు లైటు వేయడం నా పని.

ఒక రాత్రి 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' వేశాం. 1957 నాటి నలుపు తెలుపు బొమ్మ. మీలో చాలామంది చూసే ఉంటారు. తండ్రిని పొడిచి చంపాడన్న అభియోగం మీద మురికివాడ కుర్రాడొకడు బోనెక్కాడు. పద్దెనిమిదేళ్ళవాడు. సాక్ష్యాలు, వాదనలు అయిపోయాయి. పన్నెండుమంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో కూర్చుని తేల్చాలి. నేరం చేశాడని తేలిస్తే కరెంటు కుర్చీ. పదకొండుమంది చేశాడని చేతులెత్తుతారు. హెన్రీ ఫోండా వేసిన ఎనిమిదో సభ్యుడొక్కడే చెయ్యెత్తడు. అక్కణ్ణుంచి ఒక్కొక్కరి మనసూ తిరగడమే కథ.

బొమ్మ అయ్యాక యథాప్రకారం చర్చ. ఒక ప్లీడరుగారు బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటే ఏమిటో చెప్పారు. ఒక ఇంగ్లీషు లెక్చరరుగారు ఫోండా నటన గురించి చెప్పారు. ఇంకొకరు ప్రజాస్వామ్యం అన్నారు. అప్పుడు వెనక రీళ్ళు చుట్టుకుంటున్న మా ఆపరేటరు గొంతు సవరించుకున్నాడు. "మేస్టారూ, నాదో డవుటండీ. ఇంతసేపూ అందరూ ఆ కుర్రాడి కోసమే కొట్టుకున్నారు గదా. మరి ఆ కుర్రాడేడీ? ఒక్క మాటన్నా మాట్లాడ్డేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆయన ఆ రాత్రి ఏం చేశారో చివర్లో చెప్తాను. అమెరికా రాజకీయాల మీద, అక్కడి సంఘం మీద వచ్చిన సినిమా ఏది చూసినా, ఈ నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్న నా పక్క కుర్చీలో కూర్చుంటూనే ఉంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దానికి వెతుక్కున్న జవాబే.

గదిలో ఒక్కడు

ముందు ఆ సినిమాకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. దర్శకుడు సిడ్నీ లుమెట్‌కి అది మొదటి సినిమా. రచయిత రెజినాల్డ్ రోజ్ తాను స్వయంగా జ్యూరీలో కూర్చుని వచ్చిన అనుభవంతో 1954లో దాన్ని టెలివిజన్ కోసం రాశాడు. తొంభై ఆరు నిమిషాల సినిమాలో ఓ మూడు నిమిషాలు మినహాయిస్తే కెమెరా ఆ గదీ, దాని స్నానాలగదీ దాటి బయటికి రాదు. అయినా విసుగు పుట్టదు. ఎందుకంటే, మొదట్లో కెమెరా మనుషుల తలల మీది నుంచి చూస్తుంది. వాదన ముదిరే కొద్దీ కిందికి దిగుతుంది. లెన్సులు మారతాయి. గోడలు దగ్గరికి జరిగినట్టుంటుంది, చివరికి పైకప్పు నెత్తిమీదికి వంగుతుంది. చూసేవాడి మెడ మీద కూడా చెమట పడుతుంది. ఆ కెమెరా పట్టినవాడు బోరిస్ కాఫ్‌మన్. సోవియట్ డాక్యుమెంటరీకి కొత్త దారి వేసిన జిగా వెర్తోవ్‌కి తమ్ముడు. ఆయన పేరు కాసేపట్లో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఆ సినిమా దురభిమానాన్ని దాచదు. పదో సభ్యుడు మురికివాడల జనం పుట్టుకే అంత అని నోరు పారేసుకుంటుంటే, మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి అతనికి వీపు పెట్టి నిలబడతారు. 'వాళ్ళు', 'ఆ జనం' అన్న మాటలు ఏ ఊళ్ళోనైనా ఒకలాగే పలుకుతాయి. 1986లో బాసు ఛటర్జీ దీన్నే హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా తీస్తే, కోర్టుల్లో జ్యూరీలే లేని మన దేశంలో కూడా అది ఎవరికీ పరాయిగా తోచలేదు.

ఆ పన్నెండుమందిలో ఆడమనిషి లేదు, నల్లవాడు లేడు. అది దర్శకుడి మరుపు కాదు, ఆ కాలపు వాస్తవానికి దగ్గర. జ్యూరీ జాబితాల నుంచి ఆడవాళ్ళను ఒక పద్ధతిగా తప్పించడం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1975లో గానీ చెప్పలేదు. ప్రాసిక్యూటరు జాతి చూసి జ్యూరీ సభ్యుల్ని పక్కన పెట్టడం కుదరదని 1986లో చెప్పింది.

ఇంకో మాట. ఆ సినిమా చూసి మనం ధైర్యంగా ఇంటికెళ్తాం. ఒక్కడు నిలబడితే చాలు, న్యాయం గెలుస్తుంది అనుకుంటాం. కాస్త ఆగి ఆలోచిస్తే వణుకు పుట్టాలి. ఆ ఎనిమిదో సభ్యుడికి ఆ వేళ జ్వరం వచ్చి ఉంటే? ఆ కుర్చీలో తొమ్మిదోవాడిలాంటి మంచివాడే, కానీ మొదట నోరు విప్పడానికి జంకేవాడు కూర్చుని ఉంటే? కుర్రాడు పోయేవాడు. ఒక ప్రాణం అలా ఒకడి మంచితనానికి వేలాడడమే అసలు భయపడాల్సిన విషయం. సినిమా ఆ భయాన్ని చూపిస్తూనే మన చేత చప్పట్లు కొట్టిస్తుంది. దాని నేర్పంతా అక్కడే ఉంది, దాని హద్దూ అక్కడే ఉంది.

ఆ ఒక్కడు ఎక్కణ్ణుంచి వచ్చాడు

అమెరికన్ సినిమాకి ఈ ఒంటరి మంచివాడంటే ఇంత మోజెందుకు? స్టారు ఒక్కడే ఉంటాడు, టిక్కెట్లు తెగేది ఆయన మొహం చూసే. మనకి చెప్పక్కర్లేని సంగతి. కానీ అక్కడ ఇంకో కారణం కూడా ఉంది.

1915 ఫిబ్రవరిలో రెండు పనులు జరిగాయి. ఆ నెల 8న లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ తీసిన 'ది బర్త్ ఆఫ్ ఎ నేషన్' మొదటిసారి ఆడింది. నల్లవాళ్ళను మృగాలుగా, వాళ్ళ మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ళ ముఠాని రక్షకులుగా చూపించిన సినిమా. కళగా అద్భుతం, బుద్ధిగా విషం. సరిగ్గా పదిహేను రోజులకు, 23న, సుప్రీంకోర్టు ఒహాయో రాష్ట్రపు కేసులో తీర్పిచ్చింది: సినిమా ఒట్టి వ్యాపారం, దానికి వాక్‌స్వాతంత్ర్యం వర్తించదు అని. ఆ ఒట్టి వ్యాపారం ఏం చేయగలదో ఆ ఏడే తేలింది. చచ్చిపోయిన క్లాన్ జార్జియా రాష్ట్రంలో స్టోన్ మౌంటెన్ మీద మళ్ళీ లేచింది. సభ్యుల్ని చేర్చుకోవడానికి వాళ్ళు ఈ సినిమానే వాడుకున్నారు.

వాక్‌స్వాతంత్ర్యం లేదు కాబట్టి ఏ రాష్ట్రం బోర్డు కత్తెర దానిది. ఆ కత్తెరకి భయపడి స్టూడియోలు తమకి తామే 1930లో ఒక నియమావళి రాసుకున్నాయి. దాన్నే హేస్ కోడ్ అంటారు. 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ దాన్ని గట్టిగా అమలు చేశాడు. నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య ప్రేమ చూపకూడదు. చట్టాన్ని హేళన చేయకూడదు. సెనేట్‌లో అవినీతిని ఒంటరిగా ఎదిరించే ఒక సెనేటరు కథ 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' మొదట తన బల్ల మీదికి వచ్చినప్పుడు బ్రీన్ కంగారుపడ్డాడు. చివరికి ఒప్పుకుంటూ ఒక మెలిక పెట్టాడు: సెనేట్‌లో ఉన్నవాళ్ళంతా మొత్తం మీద పెద్దమనుషులేనని తెలియాలి, చెడ్డవాళ్ళు ఒకరిద్దరేనని తెలియాలి.

ఆ మెలికలోనే మన ప్రశ్నకి సగం జవాబుంది. తప్పు ఒకరిద్దరిదైతే దాన్ని దిద్దడానికి ఒక్కడు చాలు. తప్పు మొత్తం ఏర్పాటుదే అంటే ఒక్కడు చాలడు, జనం కావాలి. జనాన్ని చూపిస్తే బ్రీన్ ఊరుకోడు. ఫ్రాంక్ కాప్రా 1939లో ఆ సినిమాను వాషింగ్టన్‌లో సెనేటర్ల మధ్యే వేస్తే, అంత జాగ్రత్త పడ్డాక కూడా వాళ్ళు మండిపడ్డారు. సినిమాకి వాక్‌స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు తన మాట తానే దిద్దుకునే సరికి 1952 వచ్చింది.

1954: రేవూ, గనీ

ఒకే ఏడు వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడమని మాస్టారు చెప్పేవారు. రెండూ కార్మికుల మీదే. ఒకటి 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్', రెండోది 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1947లో అమెరికా కాంగ్రెసు కమిటీ ఒకటి హాలీవుడ్‌లో కమ్యూనిస్టులున్నారని విచారణ మొదలుపెట్టింది. జవాబు చెప్పబోమన్న పదిమంది జైలుకెళ్ళారు. వందలమందికి పని పోయింది. పేర్లు చెప్పినవాళ్ళకి పని మిగిలింది. 1952లో దర్శకుడు ఎలియా కజాన్ పాత మిత్రుల పేర్లు చెప్పాడు. రెండేళ్ళకి 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' తీశాడు. హోబోకెన్ రేవులో కూలీల సంఘాన్ని గూండాలు మింగేస్తే, మార్లన్ బ్రాండో వేసిన టెరీ అనే కూలీ విచారణలో సాక్ష్యం చెప్తాడు. చెప్పడమే మగతనం అంటుంది సినిమా. కెమెరా బోరిస్ కాఫ్‌మన్. నేను గుర్తుంచుకోమన్నది అందుకే. ఆ చలికాలపు పొగమంచు, కూలీల నోళ్ళ నుంచి వచ్చే ఆవిరి ఇప్పటికీ కళ్ళ ముందు కదుల్తాయి. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి.

ఆఖరి ఘట్టం చూడండి. టెరీ చావుదెబ్బలు తిని పడి ఉంటాడు. వందమంది కూలీలు నిలబడి చూస్తుంటారు. అతను లేచి తూలుతూ నడిస్తేనే మేమూ పనిలోకి వెళ్తాం అంటారు. అతను నడుస్తాడు, వాళ్ళు వెనకే వెళ్తారు, తలుపు దిగిపోతుంది. ఆ వందమందికీ కాళ్ళున్నాయి, మొదటి అడుగు మాత్రం లేదు.

ఇప్పుడు రెండోది. 1950 అక్టోబరులో న్యూమెక్సికో రాష్ట్రంలో ఎంపైర్ జింక్ కంపెనీ గని కార్మికులు సమ్మె కట్టారు. ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్ళు. తెల్లవాళ్ళ క్వార్టర్లలో వేణ్ణీళ్ళ కుళాయి ఉంది, వీళ్ళ ఇళ్ళలో లేదు. ఎనిమిది నెలలు గడిచాక, సమ్మె కట్టిన కార్మికులు గేటు దగ్గర కాపలా కాయకూడదని కోర్టు ఆజ్ఞ వచ్చింది. కార్మికులు అన్నారు గదా, ఆడవాళ్ళ మాట లేదుగా! భార్యలు గేటు దగ్గరికొచ్చారు. బాష్పవాయువు కొట్టినా, పిల్లల్తో సహా జైల్లో పెట్టినా కదల్లేదు. సమ్మె 1952 జనవరిలో ముగిసింది.

ఈ కథను తీసినవాళ్ళు ముగ్గురు. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ ఆ జైలుకెళ్ళిన పదిమందిలో ఒకడు. రచయిత మైకేల్ విల్సన్‌కీ, నిర్మాత పాల్ జారికోకీ పనివ్వకూడదని నల్లజాబితా. నాయిక ఎస్పెరాన్సాగా మెక్సికో నటి రోసౌరా రెవుల్తాస్. ఆమె భర్తగా నటించినవాడు ఆ కార్మిక సంఘం అసలు అధ్యక్షుడే, హువాన్ చకోన్. గుంపులో ఉన్నవాళ్ళు నిన్నటిదాకా సమ్మె చేసినవాళ్ళు. రాసిన ప్రతి దృశ్యాన్నీ వాళ్ళ ముందు చదివి, వాళ్ళు వద్దన్నది తీసేశారు.

ఆ సినిమాలో నాకు బాగా ఇష్టమైనది పోరాట దృశ్యం కాదు. ఆడవాళ్ళు గేటు దగ్గరుంటే మగవాళ్ళు ఇంట్లో బట్టలుతుకుతుంటారు. దడికి ఇటూ అటూ ఇద్దరు మగవాళ్ళు తడిబట్టలు ఆరేస్తూ మాట్లాడుకుంటారు. వేణ్ణీళ్ళ కోరికను కంపెనీకిచ్చిన జాబితాలో అందరికంటే పైన పెట్టి ఉండాల్సింది అన్న జ్ఞానం అప్పుడొస్తుంది. అంతకుముందు పెళ్ళాలు అదే మాట అంటే, అసలు సమస్యలు అయ్యాక చూద్దాం అన్నవాళ్ళే. యజమాని ముందు సమానత్వం అడిగేవాడు వంటింట్లో అది ఇవ్వడు అన్న సంగతిని 1954లో ఇంత నవ్విస్తూ చెప్పిన సినిమా నాకు ఇంకోటి తెలియదు.

ఆఖరి ఘట్టం కూడా చూడండి. షెరీఫ్ మనుషులు ఎస్పెరాన్సా కుటుంబాన్ని ఇల్లు ఖాళీ చేయించడానికొస్తారు. ముందు వాకిట్లోంచి మంచాలూ కుర్చీలూ బయట పడేస్తుంటారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ పిల్లలూ ఒక్క మాట మాట్లాడకుండా వాటిని ఎత్తి వెనక వాకిట్లోంచి లోపల పెడుతుంటారు. వాళ్ళు తీస్తుంటారు, వీళ్ళు పెడుతుంటారు. చుట్టూ జనం చేరుతుంటారు. తుపాకులున్నవాళ్ళకే చివరికి ఏం చేయాలో తోచదు. ఇక్కడ తూలుతూ నడిచే వీరుడు లేడు. మంచం నాలుగు కోళ్ళూ నలుగురు పట్టుకున్నారు, అంతే.

ఈ రెండో సినిమాకి ఏ ఆస్కారూ రాలేదు. తీస్తుండగానే ఒక కాంగ్రెసు సభ్యుడు సభలో దాని మీద విరుచుకుపడ్డాడు. నాయికను ఇమిగ్రేషన్ అధికారులు అరెస్టు చేశారు. ఆమె మెక్సికో వెళ్ళిపోవాల్సి వచ్చింది, మిగిలిన షాట్లు డూపును పెట్టి లాక్కొచ్చారు. ల్యాబులు ఫిల్ము కడగబోమన్నాయి. ప్రొజెక్షనిస్టుల సంఘం తమవాళ్ళు వెయ్యరంది. వేలాది థియేటర్లున్న దేశంలో డజను చోట్ల ఆడితే గొప్ప. అదే సినిమాను 1992లో అమెరికా జాతి భద్రపరచుకోవాల్సిన చిత్రాల జాబితాలో చేర్చారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పట్టింది.

విల్సన్ సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. మీరంతా చూసిన 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' రాసింది ఆయనా, మరో నల్లజాబితా రచయిత కార్ల్ ఫోర్‌మనూ. తెర మీద వాళ్ళ పేర్లు లేవు. ఆస్కారు అసలు నవల రాసిన ఫ్రెంచి రచయితకిచ్చారు. ఆయన స్క్రీన్‌ప్లే రాయలేదు. ఆ బహుమతిని 1984లో సరిదిద్దారు, అందుకోవడానికి ఇద్దరూ లేరు. ఏ కుర్రాడు ఎక్కడున్నాడని మనం తెర లోపలే వెతుకుతాం. కొన్నిసార్లు పేర్లు పడే చోట కూడా వెతకాలి.

గనుల ఆడవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ తెర మీదికొచ్చారు. కెంటకీలో బ్రూక్‌సైడ్ బొగ్గుగని సమ్మె దగ్గర బార్బరా కొప్పల్ అనే యువతి కెమెరాతో కాచుకు కూర్చుంది. ఈసారి నటన లేదు. తెల్లవారుజాము చీకట్లో తుపాకులు పేలినప్పుడు కెమెరా ఊగిపోతుంది, ఎందుకంటే దాన్ని పట్టుకున్నవాళ్ళను కూడా కొట్టారు. ఆ 'హార్లన్ కౌంటీ, యుఎస్ఏ' 1976 నాటిది. దానికి ఆస్కారొచ్చింది. ఒక వీరుణ్ణి చూపించకుండా కూడా అమెరికాను కదిలించవచ్చని తేలింది.

గోడ మీద ఎవరి ఫొటో

నల్లవాళ్ళ సంగతికొస్తే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 1962లో వచ్చిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' గుర్తు తెచ్చుకోండి. చేయని నేరానికి బోనెక్కిన టామ్ రాబిన్‌సన్‌గా బ్రాక్ పీటర్స్, అతని తరఫున వాదించే తెల్ల లాయరు ఆటికస్‌గా గ్రెగరీ పెక్. ఆటికస్ ఓడిపోయి కోర్టు నుంచి వెళ్తుంటే బాల్కనీలో నల్లవాళ్ళంతా లేచి నిలబడతారు. ఎప్పుడు చూసినా నా కళ్ళు చెమరుస్తాయి. కానీ టామ్ చావు మాత్రం తెర మీద లేదు. తప్పించుకుని పారిపోతుంటే కాల్చారట అన్న కబురొస్తుంది. ఆ కబురు విన్న ఆటికస్ ముఖం చూస్తాం మనం. చచ్చినవాడి ముఖం కాదు. 2003లో పెక్ చనిపోతే అంత్యక్రియల సభలో ఆయన గురించి మాట్లాడింది బ్రాక్ పీటర్సే. వాళ్ళిద్దరి స్నేహం నిజం. సినిమా చూపు ఎటు నిలబడిందన్నదీ నిజమే.

అలాగని నల్లవాళ్ళు ఎవరో వచ్చి తమ కథ చెప్తారని కూర్చోలేదు. 'బర్త్ ఆఫ్ ఎ నేషన్' వచ్చిన ఐదేళ్ళకే, 1920లో, ఆస్కార్ మిషో 'విథిన్ అవర్ గేట్స్' తీశాడు. బానిసగా పుట్టిన తండ్రి కొడుకు. సౌత్ డకోటాలో భూమి దున్ని, తన నవలలు ఇంటింటికీ తిరిగి తానే అమ్ముకుని, సినిమాల్లోకొచ్చినవాడు. డబ్బాలు చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి తన సినిమా తానే వేయించుకున్నాడు. మిషో గురించి చదివినప్పుడల్లా నాకు రిక్షాలో మాస్టారే కనబడతారు. గ్రిఫిత్ వీరులుగా చూపినవాళ్ళు నిజంగా చేసిందేమిటో, ఒక కుటుంబంలోని భార్యాభర్తల్ని గుంపు ఉరితీయడం, మిషో చూపించాడు. ఆ సినిమా దశాబ్దాలపాటు కనబడకుండా పోయింది. ఒక్క ప్రింటు స్పెయిన్‌లో దొరికింది. అమెరికాలో జరిగినదానికి అమెరికావాడు తీసిన సాక్ష్యం పరాయి దేశంలో, స్పానిష్ పేరుతో బతికింది.

ఇక స్పైక్ లీ. 1989, 'డు ది రైట్ థింగ్'. బ్రూక్లిన్‌లో ఒకే ఒక్క వీధి, ఏడాదంతటిలోకీ వేడెక్కిన రోజు. నల్లవాళ్ళ పేటలో ఇటాలియన్ సంతతి శాల్ పిజ్జా దుకాణం. కొట్లాట దేని మీద మొదలవుతుందో గమనించండి: కూలి కాదు, ఓటు కాదు, ఫొటో. శాల్ తన గోడ నిండా ఇటాలియన్ అమెరికన్ ప్రముఖుల ఫొటోలు పెట్టుకున్నాడు. పేటలో కుర్రాడొకడు అడుగుతాడు: తినేది మేం, డబ్బులిచ్చేది మేం, మావాళ్ళ ఫొటో ఒక్కటన్నా లేదేం? శాల్ అంటాడు: కొట్టు నాది, గోడ నాది. ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే అది తేలిక కథ కాదు.

రాత్రికి గొడవ ముదురుతుంది. రేడియో రహీమ్ అనే కుర్రాణ్ణి పోలీసు లాఠీతో మెడ నొక్కి చంపుతాడు. అప్పుడు ఆ దుకాణంలోనే పనిచేసే మూకీ చెత్తడబ్బా ఎత్తి అద్దం పగలగొడతాడు. కొట్టు తగలబడుతుంది. విడుదలకు ముందు కొందరు విమర్శకులు ఈ సినిమా చూసి నల్లకుర్రాళ్ళు థియేటర్ల ముందు అల్లర్లు చేస్తారేమోనని రాశారు. ఎక్కడా ఏమీ జరగలేదు. స్పైక్ లీ తర్వాత చాలాసార్లు ఒక మాట చెప్పాడు. మూకీ ఆ చెత్తడబ్బా ఎందుకు విసిరాడు అని తనను అడిగేవాళ్ళు తెల్లవాళ్ళేనట. నల్లవాళ్ళెవరూ అడగరట. అద్దం పగలడం కొందరికి గుర్తుంది. మెడ నలగడం మరికొందరికి గుర్తుంది.

ఆ కొట్టు కాలిపోయాక ఒక సన్నివేశముంది. మాట సరిగా రాని స్మైలీ అనే మనిషి, మార్టిన్ లూథర్ కింగూ మాల్కం ఎక్సూ కలిసి ఉన్న ఫొటో ఒకటి తెచ్చి, మంటల మధ్య ఆ గోడకి గుచ్చుతాడు. గోడ మీద ఫొటో ఎక్కింది. ఎక్కేసరికి గోడ మిగల్లేదు. దీన్ని గెలుపు అనాలా, ఏడవాలా? సినిమా చెప్పదు. 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' మనకి తీర్పు చేతిలో పెట్టి పంపుతుంది. ఇది తీర్పు మన చేత రాయించుకోవాలని కూర్చుంటుంది. ఆ ఏటి ఉత్తమ చిత్రం ఆస్కారుకి దీన్ని నామినేట్ కూడా చేయలేదు.

మన కుర్చీ ఎక్కడ

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ, మనకేమిటి అని మీలో ఎవరైనా అనుకుంటుంటే, ఈ హాల్లో ఎంతమంది పిల్లలు అమెరికాలో ఉన్నారో చేతులెత్తమంటాను. వద్దులెండి, నాకు తెలుసు.

1946 నుంచి అమెరికా ఏడాదికి వందమంది భారతీయుల్ని మాత్రమే స్థిరపడనిచ్చేది. 1965లో ఆ కోటాల చట్టం పోయింది. అదే ఏడు నల్లవాళ్ళ ఓటు హక్కు చట్టం వచ్చింది, ముందటేడు పౌరహక్కుల చట్టం. జాతిని బట్టి మనుషుల్ని లెక్కించడం తప్పని వీధుల్లో దెబ్బలు తిని ఒప్పించినవాళ్ళ వల్లే, జాతిని బట్టి వీసాలివ్వడం కూడా సిగ్గుచేటుగా మారింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఆ తలుపులోంచే వెళ్ళారు. తలుపు తోసినవాళ్ళెవరో మన కథల్లో చెప్పుకోం. మనవాడి ర్యాంకు చెప్పుకుంటాం.

మీరా నాయర్ 1991లో తీసిన 'మిసిసిపీ మసాలా' ఈ మాటే ఎత్తింది. ఉగాండా నుంచి అక్కడి నియంత ఇదీ అమీన్ తరిమేస్తే మిసిసిపీ చేరి మోటళ్ళు నడుపుకునే గుజరాతీ కుటుంబాలవి. నల్లవాడితో వ్యాపారం అవసరమైనప్పుడు రంగున్నవాళ్ళమంతా ఒకటే అంటారు. ఆ నల్లవాడు, డెంజెల్ వాషింగ్టన్, తమ అమ్మాయిని ప్రేమిస్తే ఒక్కసారిగా రంగులు వేరైపోతాయి. వాళ్ళు గుజరాతీలు, మనం కాదు గదా అని ఊపిరి పీల్చుకోకండి. పెళ్ళిచూపుల్లో మనం వాడే మాటలు గుర్తు తెచ్చుకోండి.

2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి చంపుతుంటే, కొట్టుకని బయల్దేరిన పదిహేడేళ్ళ అమ్మాయి ఆగి ఫోన్‌లో తీసింది. కొద్ది రోజులకు స్పైక్ లీ ఆ దృశ్యాన్నీ, 2014లో న్యూయార్క్‌లో అలాగే ఊపిరాడక చనిపోయిన ఎరిక్ గార్నర్ దృశ్యాన్నీ, తన రేడియో రహీమ్ చావునూ పక్కపక్కన అతికి ఒక చిన్న చిత్రం విడుదల చేశాడు. మూడింటిలో ఏది నటనో చెప్పకపోతే తెలియదు. ఆ అమ్మాయికి 2021లో పులిట్జర్ బోర్డు ప్రత్యేక గుర్తింపునిచ్చింది. ఆ కుర్రాడేడీ అని అడిగే అవసరం లేకుండా, వీధి చివర నిలబడ్డ పిల్లే కెమెరా పట్టుకుంది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

చర్చ అయ్యాక అందరూ చెప్పులు వేసుకుని దిగిపోయారు. మాస్టారు ఆపరేటరు దగ్గరికొచ్చి, "మొదటి రీలు మళ్ళీ ఎక్కించవయ్యా" అన్నారు. మర్నాడు పొద్దున్నే డబ్బాలు మద్రాసు బండెక్కాలి. అయినా ఎక్కించాడు. జడ్జి మాటలు అవుతాయి, జ్యూరీ లేచి వెళ్తూ కుర్రాడి వైపు చూస్తుంది. అప్పుడు తెర నిండా ఆ కుర్రాడి ముఖం. పెద్ద కళ్ళు, బిత్తరచూపు. ఉన్నది కొన్ని క్షణాలే. "బొమ్మ ఆపనా మేస్టారూ" అన్నాడు ఆపరేటరు. "ఆపకు, దీపం వేడికి ఫిల్ము కాలుద్ది. వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యి" అన్నారు.

మూడుసార్లు వేశాడు. మూడోసారి కనబడింది నాకు. ఆ ముఖం ఒక్కసారిగా పోదు. దాని మీదికి జ్యూరీ గది మెల్లగా తేలుతుంది. పొడవాటి ఖాళీ బల్ల, ఖాళీ కుర్చీలు, కిటికీలు. కాసేపు ముఖమూ గదీ రెండూ ఒకటిగా ఉంటాయి. పన్నెండుమందిలో ఒక్కరూ ఇంకా లోపలికి రాలేదు. వాళ్ళకంటే ముందు ఆ గదిలో ఉన్నది ఆ కుర్రాడే.

"ఉన్నాడు మేస్టారూ" అన్నాడు ఆపరేటరు. మాస్టారు తలాడించారు.

ఈ సభ ఆహ్వానపత్రికలో మాస్టారి పేరుంది, అధ్యక్షులవారి పేరుంది, నా పేరు కాస్త పెద్ద అక్షరాల్లోనే ఉంది. పన్నెండేళ్ళపాటు మాకు ప్రతి బొమ్మా వేసిన ఆ మనిషిని మేం ఆపరేటరు అనే పిలిచాం. అసలు పేరేమిటో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్క మంచివాడి కథలు అమెరికావాళ్ళే చెప్పుకుంటారని ఇంతసేపూ మాట్లాడి, నేను చేసింది కూడా అదే. మీలో ఎవరికైనా ఆ పేరు తెలిస్తే, కిందికి దిగాక నాకు చెప్పండి. ఈ ఉపన్యాసం అచ్చయ్యేలోపు అందితే మొదటి పేజీలో వేయిస్తాను.